జబ్బు చేసి ఆపిన నడక మళ్లీ మొదలుపెట్టడం: అపలాచియన్ ట్రైల్ నడిచే మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

జార్జియాలోని స్ప్రింగర్ కొండ నుంచి మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం దాకా, 14 రాష్ట్రాల మీదుగా దాదాపు 2,200 మైళ్లు సాగే దారి అపలాచియన్ ట్రైల్. ఒకే విడతలో మొత్తం నడవాలని బయల్దేరేవాళ్లలో చివరిదాకా చేరేది నలుగురిలో సుమారు ఒకరే. జబ్బు చేసి దిగిపోయేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు. అట్లాంటాలో, ఉత్తర వర్జీనియాలో, న్యూజెర్సీలో ఉండే తెలుగువాళ్లకు ఈ ట్రైల్ కారులో వెళ్లి వచ్చేంత దూరమే. వారాంతాల్లో ముక్కలు ముక్కలుగా నడిచేవాళ్లూ, ఉద్యోగానికీ ఉద్యోగానికీ మధ్య దొరికిన నెలల్లో సంచీ సర్దుకుని బయల్దేరేవాళ్లూ మనలో పెరుగుతున్నారు. పిడుదు లాంటి పురుగు కుడితే వచ్చే లైమ్ జబ్బు వచ్చి పెన్సిల్వేనియాలో దిగిపోయి, కోలుకుని మళ్లీ వెళ్లినప్పటి నుంచి నన్ను చాలామంది అడుగుతున్న ప్రశ్నలు ఇవి. మందుల విషయంలో మీ డాక్టరు మాటే చివరి మాట.

మధ్యలో ఇంటికొచ్చేశాను. ఇక నా నడక లెక్కలోకి రానట్టేనా?

వస్తుంది. ట్రైల్ బాగోగులు చూసే అపలాచియన్ ట్రైల్ కన్జర్వెన్సీ, దారి మొత్తం నడిచామని తెలియజేసినవాళ్లందరినీ 2,000-మైలర్లుగా నమోదు చేసుకుంటుంది. ఏ వరుసలో నడిచారు, ఏ దిక్కుగా నడిచారు, ఎన్నేళ్లు పట్టింది అని చూడదు. 12 నెలల్లో పూర్తయితే దాన్ని త్రూ-హైక్ అంటారు, అంతకు మించితే సెక్షన్ హైక్ అంటారు. గుర్తింపు మాత్రం ఒక్కటే.

ఆ 12 నెలల లెక్క గురించి ఒక మాట. మార్చిలోనో ఏప్రిల్‌లోనో జార్జియాలో మొదలుపెట్టినవాళ్లకు గడువు వచ్చే మార్చి, ఏప్రిల్‌తో ముగుస్తుంది. అప్పటికి మెయిన్ ఇంకా మంచులోనే ఉంటుంది. కాబట్టి ఈ ఏడాది అక్టోబరు మధ్యకల్లా కటాడిన్ చేరలేకపోతే త్రూ-హైక్ అన్న పేరు దాదాపు చేజారినట్టే. ఆ సంగతి ముందే మనసులో తేల్చుకోండి. తేల్చుకోకపోతే సగం కోలుకున్న ఒంటితో తేదీల వెంట పరిగెడతారు, అదే మళ్లీ మంచాన పడేస్తుంది.

మళ్లీ ఎప్పుడు వెళ్లొచ్చు?

ఏం జబ్బు చేసిందన్న దాన్ని బట్టి ఉంటుంది.

నోరోవైరస్ అయితే వాంతులు, విరేచనాలు సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో తగ్గిపోతాయి. కానీ తగ్గిన తర్వాత కూడా మన నుంచి ఇతరులకు అంటుతుంది. కనీసం రెండు రోజులు ఇతరుల తిండి ముట్టుకోకూడదు, దారిలో రాత్రికి అందరూ కలిసి పడుకునే పాకల్లో, అంటే షెల్టర్లలో, పడుకోకూడదు. వైరస్ రెండు వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ రోజులు కూడా మలంలో పోతూనే ఉంటుంది. శానిటైజర్ దీనిమీద సరిగా పనిచేయదు, సబ్బూ నీళ్లూ కావాలి. ట్రైల్ మీద ఎవరైనా చిప్స్ ప్యాకెట్ చాపితే అందులో చెయ్యి పెట్టకుండా, అరచేతిలో పోయించుకోవడం అక్కడి మర్యాద. తిరిగి వెళ్లిన కొత్తలో మీరు ఇంకా గట్టిగా పాటించాలి.

గియార్డియా అలా కాదు. ఆ సూక్ష్మజీవి ఉన్న నీళ్లు తాగిన వారానికో రెండు వారాలకో మొదలవుతుంది, వారాల తరబడి సాగుతుంది. కడుపుబ్బరం, దుర్వాసనతో జిడ్డుగా పోయే విరేచనాలు, తిన్నది ఒంటికి పట్టకపోవడం. మందు వాడాక విరేచనాలు ఆగితే చాలదు. తగ్గిన బరువు కొంతైనా తిరిగి రావాలి. రోజంతా కొండలెక్కేవాళ్లు ఆరోగ్యంగా ఉన్నప్పుడే బరువు తగ్గిపోతారు, ఖాళీ అయిన ఒంటితో వెళ్తే పట్టుమని వారం ఆగలేరు.

జ్వరం, ఫ్లూ, కోవిడ్ లాంటివైతే ఒక విషయం జాగ్రత్తగా గమనించండి. కాస్త శ్రమ చేసిన రోజు బాగానే ఉండి, ఆ మర్నాడో ఆ తర్వాతి రోజో ఒళ్లు కూలబడిపోతోందా? అలా అవుతుంటే ఇంకా సిద్ధంగా లేరన్నమాట. "అలవాటైతే పోతుందిలే" అని గట్టిగా నడిచేకొద్దీ అది ముదురుతుంది. ట్రైల్ సంగతి పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఎవరైనా సరే, బయల్దేరేముందు నేను చెప్పే పరీక్ష ఇది. నిజంగా మోసే బరువుతో సంచీ సర్దుకుని, దగ్గర్లోని కొండదారిలో వరుసగా రెండు రోజులు ఏడెనిమిది మైళ్ల చొప్పున నడవండి. తీర్పు చెప్పేది మూడో రోజు ఉదయం. మామూలుగా నిద్ర లేచి, ఆకలేసి, మళ్లీ నడవాలనిపిస్తే వెళ్లొచ్చు. మంచం దిగడానికే అరగంట పడితే ఇంకో రెండు వారాలు ఆగండి.

లైమ్ జబ్బుకి ఎర్రటి మచ్చ వస్తుందంటారు. నాకు మచ్చే రాలేదు, అయినా లైమ్ అన్నారు. ఎలా?

మచ్చ 70–80 శాతం మందికి వస్తుంది, అందరికీ రాదు. వచ్చినా మన చాయ ఒంటిమీద బొమ్మల్లో చూపించేలా ఎర్రగా, చుట్టూ వలయాలతో కనిపించదు. ఊదాగానో గోధుమరంగులోనో, కమిలిన దెబ్బలా ఉంటుంది. నాకు మోకాలి మడత వెనక వచ్చింది. ఫోన్ వెనక్కి పెట్టి ఫొటో తీసుకుంటే గానీ కనపడలేదు. నొప్పి లేదు, దురద లేదు. ముట్టుకుంటే చుట్టూ ఉన్న చర్మం కంటే కాస్త వెచ్చగా ఉంది, అంతే. మొదట చూపించుకున్న చోట రాయి తగిలి కమిలిందని పంపేశారు. మూడు రోజులకు అది అరచేయంత అయింది. అందుకే మనవాళ్లందరికీ చెబుతున్నాను: అనుమానం వచ్చిన మచ్చ చుట్టూ పెన్నుతో గీత గీయండి, పక్కన నాణెం పెట్టి రోజూ ఒక ఫొటో తీయండి. గీత దాటి పెరుగుతోందంటే ఆ ఫొటోలు డాక్టరుకి చూపించండి. మచ్చ సాధారణంగా కుట్టిన 3 నుంచి 30 రోజుల్లోపు వస్తుంది. మొదటి వారాల్లో రక్తపరీక్ష నెగెటివ్ రావచ్చు, అందుకని నెగెటివ్ అనగానే నిశ్చింతగా ఉండకూడదు.

ఈ జబ్బు అంటించేది నల్లకాళ్ల టిక్. మన పశువులకు పట్టే పిడుదుల జాతిదే. మే నుంచి జులై దాకా తిరిగే పిల్ల టిక్ గసగసాల గింజంత ఉంటుంది. సరిగ్గా అదే కాలంలో ఉత్తరంవైపు నడిచేవాళ్లు వర్జీనియా, పెన్సిల్వేనియా, న్యూజెర్సీ, న్యూయార్క్‌ దాటుతుంటారు.

డాక్సీసైక్లిన్ కోర్సు ఇంకా అవ్వలేదు. వాడుతూ నడవొచ్చా?

డాక్సీసైక్లిన్ లైమ్‌కి ఇచ్చే యాంటీబయాటిక్. మచ్చ దశలో కనిపెడితే సాధారణంగా 10 నుంచి 14 రోజులు ఇస్తారు. కోర్సు ఇంట్లో ముగించుకుని వెళ్లమనే నా సలహా. తప్పనిసరిగా వాడుతూనే నడవాలంటే కొన్ని ఇబ్బందులు ముందే తెలుసుకోండి. ఈ మందు వాడుతున్నప్పుడు ఎండ త్వరగా కాల్చేస్తుంది. మన రంగు ఒంటికి ఎండ ఏం చేస్తుందిలే అనుకోకండి. పూర్తి చేతుల చొక్కా, అంచున్న టోపీ తప్పవు. పాలు, పెరుగు, ఐరన్, కాల్షియం మాత్రలు, యాంటాసిడ్‌లకూ దీనికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. మాత్ర వేసుకున్న వెంటనే పడుకుంటే గొంతులో, అన్నవాహికలో పుండు పడొచ్చు. టెంట్‌లో దూరి, స్లీపింగ్ బ్యాగ్ జిప్ వేసుకుని, గుర్తొచ్చి ఒక గుక్క నీళ్లతో మింగడం అందరూ చేసే పనే, అది వద్దు. రాత్రి వంట కాగానే తిండితోపాటు గ్లాసెడు నీళ్లతో వేసుకుని, అరగంటకు పైగా కూర్చునే ఉండండి.

ఇంకో మందు గురించి గట్టిగా చెప్పాలి. ఇండియా నుంచి వచ్చేటప్పుడు మన సూట్‌కేసుల్లో మందుల డబ్బా తప్పకుండా ఉంటుంది, అందులో మోషన్స్‌కని సిప్రోఫ్లాక్సాసిన్ షీటూ ఉంటుంది. ట్రైల్ మీద కడుపు చెడగానే రెండు మాత్రలు వేసుకుని నడిచేస్తారు. సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ కోవ మందులు స్నాయువులను (కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాళ్లను), ముఖ్యంగా మడమ పైనుండే అకిలిస్ స్నాయువును దెబ్బతీస్తాయి, తెగేదాకా కూడా రావచ్చు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే వీటిమీద తన అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది. మందు ఆపేసిన నెలల తర్వాత కూడా ఈ ముప్పు ఉండొచ్చు. మీ జబ్బుకి ఈ మందు వాడి ఉంటే, బరువుతో కొండలు ఎప్పుడు ఎక్కొచ్చో డాక్టరుని ప్రత్యేకంగా అడగండి. మడమ పైన నొప్పి మొదలైతే ఆ రోజే ఆగిపోండి.

మూడు వారాలు మంచంలోనే ఉన్నాను. బలం ఎంత పోయి ఉంటుంది?

మనం అనుకునేదానికన్నా ఎక్కువే. 1966లో డాలస్‌లో ఆరోగ్యంగా ఉన్న ఐదుగురు యువకులను 20 రోజులు మంచం మీదే ఉంచి చూశారు. ఒళ్లు గరిష్ఠంగా ఆక్సిజన్ వాడుకోగల శక్తి నాలుగో వంతుకు పైగా పడిపోయింది. వాళ్లకు ఏ జబ్బూ లేదు, కేవలం పడుకున్నారు.

ఊరటనిచ్చే సంగతేమిటంటే గుండె, ఊపిరితిత్తులు తొందరగానే పుంజుకుంటాయి. చిక్కు అక్కడే ఉంది. స్నాయువులు, ఎముకలు వాటికంటే చాలా నెమ్మదిగా గట్టిపడతాయి. రెండు వారాలు నడిచేసరికి ఆయాసం తగ్గుతుంది, "పాత కాళ్లు వచ్చేశాయి" అనిపిస్తుంది, రోజుకి 15 మైళ్లు లాగేస్తారు. మూడో వారంలో పాదం ఎముకలోనో మోకాలి కిందో నొప్పి మొదలవుతుంది. జబ్బు నుంచి లేచి వెళ్లినవాళ్లు రెండోసారి దిగిపోయేది తరచూ పాత జబ్బు వల్ల కాదు, ఈ నొప్పుల వల్లే.

ఇంట్లో ఉన్నప్పుడు మెట్లు ఎక్కడం కన్నా దిగడం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. కొండ దిగేటప్పుడే తొడ కండరాలు, మోకాళ్లు దెబ్బతింటాయి. అపార్ట్‌మెంట్ మెట్లయినా చాలు. మొదట ఖాళీ చేతులతో, తర్వాత సంచీలో నీళ్ల సీసాలు వేసుకుని, ఒక్కో మెట్టూ నెమ్మదిగా దిగండి. లేవగానే మంచం మీదే నాడి చూసుకుని రాసుకోండి. మీ మామూలు కంటే దాదాపు పది ఎక్కువుంటే ఆ రోజు విశ్రాంతి. నేను ఇప్పటికీ పాటించే లెక్క ఇది.

బయల్దేరేముందు ఒక రక్తపరీక్ష చేయించుకోండి. హిమోగ్లోబిన్, బి12, విటమిన్ డి. మన ఆడవాళ్లలో రక్తహీనత మామూలు. శాకాహారుల్లో బి12 తక్కువ ఉండటమూ మామూలే. జబ్బు నీరసం అనుకుంటున్నది చాలాసార్లు వీటి తాలూకు నీరసమే అయి ఉంటుంది, అది తేలిగ్గా సరిచేసుకోవచ్చు.

ఆగిన చోటి నుంచే మొదలుపెట్టాలా?

అక్కర్లేదు. ఆగిన చోటు కష్టమైన చోటైతే అస్సలు వద్దు. నా మట్టుకు నాకు ఈ పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన జవాబు ఇదే.

చాలామందికి తెల్లగీతల మీద పట్టుదల ఉంటుంది. చెట్ల మీద రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవున వేసిన ఆ తెల్లగీతల్లో ఒక్కటీ వదలకుండా, వరుస తప్పకుండా నడవాలని. ఆ పట్టుదలను నేను గౌరవిస్తాను. కానీ వదిలేసిన ముక్కను తర్వాత వచ్చి నడిస్తే అందులో ఏ లోటూ లేదు. దారిని ముక్కలు చేసి ముందూ వెనకగా నడవడాన్ని ఫ్లిప్-ఫ్లాప్ అంటారు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లే కావాలని అలా నడుస్తారు.

కోలుకున్నవాళ్లు మొదటి రెండు వారాలకు ఇలాంటి నేల చూసుకోవాలి: ఎత్తుపల్లాలు తక్కువ, రోడ్లు తరచూ తగిలేది, అవసరమైతే ఒక్క ఫోన్‌తో బయటపడగలిగేది. వర్జీనియాలోని షెనండోవా నేషనల్ పార్కులో వందకు పైగా మైళ్ల ట్రైల్ ఉంది. స్కైలైన్ డ్రైవ్ రోడ్డు దాన్ని మళ్లీ మళ్లీ దాటుతూ పక్కనే సాగుతుంది. ఉత్తర వర్జీనియాలో మనవాళ్లు ఇంతమంది ఉండగా ఎవరో ఒకరు కారేసుకుని రాకపోరు. హార్పర్స్ ఫెర్రీకి వాషింగ్టన్ నుంచి రైలుంది. అక్కడి నుంచి ఉత్తరంగా మేరీల్యాండ్‌లో ఉన్న దాదాపు 40 మైళ్లు ట్రైల్ మొత్తంలో తేలికైన వాటిలో ఒకటి. న్యూయార్క్‌లో పాలింగ్ దగ్గర మెట్రో-నార్త్ వారికి అపలాచియన్ ట్రైల్ అనే పేరుతోనే ఒక స్టేషనుంది, వారాంతాల్లో రైలు ఆగుతుంది. రెండు రోజుల పరీక్ష నడకకు అది బాగుంటుంది.

వెళ్లకూడని చోట్లూ చెప్పాలి. న్యూ హాంప్‌షైర్‌లోని వైట్ మౌంటెన్స్, దక్షిణ మెయిన్ బలంగా ఉన్నవాళ్లనే కుదేలు చేస్తాయి. కటాడిన్ నుంచి దక్షిణంగా దిగుదామంటే మొదటి ముక్కే హండ్రెడ్-మైల్ వైల్డర్‌నెస్, మాన్సన్ దాకా మధ్యలో ఊరు లేదు. పెన్సిల్వేనియా ఉత్తర భాగంలో ఎత్తులు లేవు గానీ పదునైన రాళ్లు, పట్టు తప్పిన చీలమండలకు అది మంచిది కాదు.

కటాడిన్ తేదీ మర్చిపోవద్దు. ఆ కొండ ఉన్న బాక్స్‌టర్ స్టేట్ పార్కులో అక్టోబరు మధ్య దాటాక రాత్రి బస ముగిసిపోతుంది, వాతావరణం బాగోకపోతే కొండ అంతకుముందే మూతపడుతుంది.

స్మోకీ మౌంటెన్స్ పర్మిట్ పాతదే పనికొస్తుందా?

ట్రైల్ టెనెసీ, నార్త్ కరొలినా సరిహద్దులో దాటే ఈ నేషనల్ పార్కుకి ఇచ్చే త్రూ-హైకర్ పర్మిట్ తీసుకున్న తేదీ నుంచి 38 రోజులే చెల్లుతుంది, పార్కు దాటడానికి 8 రోజులు ఇస్తారు. పార్కుకి కనీసం 50 మైళ్ల అవతల మొదలుపెట్టి, 50 మైళ్ల అవతల ముగించేవాళ్లకే అది. నడక ముక్కలైతే అడవిలో రాత్రి బసకు ఇచ్చే మామూలు బ్యాక్‌కంట్రీ పర్మిట్ తీసుకుని షెల్టర్లు ముందే రిజర్వ్ చేసుకోవాలి.

తిరిగి వెళ్లాక రోజుకి ఎన్ని మైళ్లు?

మొదటి వారం ఆరు నుంచి ఎనిమిది. బాగుందనిపించినా అంతే. మధ్యలో ఒక రోజు పూర్తి విశ్రాంతి. రెండో వారం పది లోపు. ఆ పైన ఒళ్లే చెబుతుంది. బరువు విషయంలో కూడా అంతే, తిండి నాలుగు రోజులకు మించి మోయకుండా ఊళ్ల మధ్య దూరాలు చూసుకోండి.

కడుపు ఇంకా సున్నితంగానే ఉంది. ఏం తినాలి?

గియార్డియా తర్వాత కొన్ని వారాలు పాలు అరగకపోవచ్చు. పాలపొడి కలిపిన ఓట్స్, చీజ్ పాస్తా ప్యాకెట్లు అప్పటికి పక్కన పెట్టండి. అటుకులు ఈ విషయంలో దేవుడిచ్చిన వరం: తేలిక, వేడినీళ్లు పోసి మూతపెడితే ఐదు నిమిషాల్లో మెత్తబడతాయి, పులిహోర పొడి కలిపితే నాలుక్కి ప్రాణం లేచొస్తుంది. వేయించిన రవ్వలో తాలింపు కలిపి జిప్ కవర్లలో కట్టుకుంటే ఉప్మా. కారం మాత్రం మొదట్లో తగ్గించండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగైనా ఉంచుకోండి. అవి అయిపోతే లీటరు శుభ్రమైన నీళ్లకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చిన్న చెంచా ఉప్పు, చెంచాలు తలగొట్టి.

తిరిగొచ్చాక మాంసం తిన్న కొన్ని గంటలకు దద్దుర్లు, కడుపునొప్పి వస్తుంటే దాన్నీ డాక్టరుకి చెప్పండి. లోన్ స్టార్ అనే ఇంకో రకం టిక్ కుడితే మటన్, బీఫ్, పోర్క్ పడకుండా పోయే అలర్జీ రావచ్చు.

పాత వాటర్ ఫిల్టర్ వాడొచ్చా?

తడిగా ఉన్నదాన్ని చలికాలంలో గ్యారేజీలోనో కారు డిక్కీలోనో వదిలేసి ఉంటే పారేయండి. లోపల నీళ్లు గడ్డకడితే సన్నటి గొట్టాలు చిట్లిపోతాయి, బయటికి ఏమీ కనిపించదు, నీళ్లు మామూలుగానే వస్తాయి. బాగున్న ఫిల్టర్ కూడా గియార్డియాను ఆపుతుంది గానీ నోరోవైరస్‌ను ఆపదు. షెల్టర్లలో వాంతుల వార్త వినిపిస్తున్నప్పుడు నీళ్లు ఒక నిమిషం పాటు తెర్లనివ్వండి.

నాతో నడిచినవాళ్లంతా ముందుకెళ్లిపోయారు. ఒంటరిగా వెళ్లాలంటే మనసు రావట్లేదు.

ఈ బాధ నిజమైనది, చిన్నది కాదు. రెండు నెలలు ఒకే షెల్టర్లలో పడుకుని, ఒకే వానలో తడిసినవాళ్లు వెర్మాంట్ నుంచి ఫొటోలు పెడుతుంటే మనం ఇంట్లో గంజి తాగుతూ చూడాలి. అలాంటప్పుడు గ్రూప్‌ని మ్యూట్ చేయడం తప్పేం కాదు. వాళ్లను అందుకోవాలని మాత్రం వెళ్లకండి. రోజుకి 18 మైళ్లు నడిచేవాళ్లను ఎనిమిది మైళ్లు నడిచేవాళ్లు అందుకోలేరు, ప్రయత్నిస్తే ఒళ్లు పోతుంది. వాళ్లలో ఒకరిద్దరికి ఫోన్ చేసి, కటాడిన్ అయ్యాక మీ మిగిలిన ముక్కలో ఒక వారాంతం నడవమని అడగండి. అడిగితే వస్తారు. ట్రైల్ మీద పుట్టిన స్నేహాలకు ఆ గుణం ఉంది.

ఇండియాలో అమ్మానాన్నలు అస్సలు ఒప్పుకోవట్లేదు. ఏం చెప్పాలి?

"అంత జబ్బు చేసి లేచావు, మళ్లీ ఆ అడవుల్లోకెందుకమ్మా" అంటారు. వాళ్ల భయాన్ని వాదించి గెలవలేం, ఏర్పాట్లు చూపించి కొంత తగ్గించగలం. డాక్టరు ఏమన్నారో దాచకుండా చెప్పండి, వీలైతే అదే కాల్‌లో వాళ్లనీ కలపండి. సిగ్నల్ లేని చోటా పనిచేసే శాటిలైట్ మెసెంజర్ కొనుక్కోండి లేదా అద్దెకు తీసుకోండి. రోజూ సాయంత్రం ఒక్క మెసేజ్ అని మాటివ్వండి, గంటకోసారి అని ఇవ్వకండి, తప్పిన ప్రతిసారీ అక్కడ వాళ్లకి తెల్లారదు. ముఖ్యంగా అమెరికాలోనే ఉన్న ఒకరిని, మీ బాబాయి కొడుకో వదినో ఎవరో ఒకరిని, బాధ్యుల్ని చేయండి. మెసేజ్ రాకపోతే ఎన్ని గంటలు ఆగాలో, ఏ పార్కు నంబరుకి చేయాలో వాళ్ల దగ్గర కాగితం మీద ఉండాలి. గుంటూరు నుంచి అర్ధరాత్రి రేంజర్ ఆఫీసు నంబరు వెతుక్కునే పరిస్థితి అమ్మకి రాకూడదు.

ఇన్సూరెన్స్, వీసా సంగతి?

ఉద్యోగం మానేస్తే చాలాచోట్ల దాంతోపాటే ఇన్సూరెన్స్ పోతుంది. జబ్బు చేసి లేచినవాళ్లు కవరేజీ లేకుండా ఒక్క రోజు కూడా ట్రైల్ మీద ఉండొద్దు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఉద్యోగం పోయాక దొరికే 60 రోజుల గడువును నడక సెలవుగా లెక్కేసుకోవద్దు. సెలవు పెట్టి ముక్కలుగా నడవండి.

మళ్లీ ఏం కనిపిస్తే వెంటనే దిగిపోవాలి?

జ్వరం. మలంలో రక్తం. నీళ్లు కూడా నిలవని వాంతులు, చాలాసేపు మూత్రం రాకపోవడం. ముఖం ఒక పక్కకి జారడం. మోకాలు బుంగలా వాయడం. గుండె దడ, కళ్లు తిరిగి పడబోవడం, ఛాతీలో నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం. లైమ్ గుండె మీద కూడా దెబ్బ కొట్టగలదు కాబట్టి ఈ చివరి నాలుగింటికి ఒక్క పూట కూడా ఆగకూడదు, 911కి చేయండి, సిగ్నల్ లేకపోతే శాటిలైట్ పరికరంలో ఎస్ఓఎస్ నొక్కండి. దగ్గర ఊళ్లోని డాక్టరుకి మీ కథంతా కొత్త. అందుకే ఒక కాగితం రాసి నీళ్లు తగలని కవర్లో సంచీ పై అరలో పెట్టుకోండి: ఏం జబ్బు వచ్చింది, ఏ మందు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా వాడారు, ఏ మందు పడదు, టిక్స్ ఉన్న అడవుల్లో ఎప్పటినుంచి నడుస్తున్నారు, ఎవరికి ఫోన్ చేయాలి. దాన్ని ఇంగ్లీషులో రాయండి, పెద్ద అక్షరాలతో.